డబ్లిన్ నగరమున గిరిగారి చదువు

విద్యార్థమై దూరదేశమునకు పోయిన యువకుడు అక్కడ ఏమి చదివెనో చెప్పుట సులభము. పట్టములును పరీక్షలును కాగితములపై నుండును. అక్కడ ఏమి నేర్చెనో చెప్పుట కష్టము. అది తెలియవలెనన్న, అతడు తిరిగివచ్చిన పిమ్మట గడపిన జీవితమును పరిశీలింపవలెను. 1969 నుండి 1974 వరకు భారత రాష్ట్రపతిగా నుండిన వరాహగిరి వేంకటగిరి గారి విద్యార్థిదశ ఇందుకు చక్కని నిదర్శనము.

గిరిగారు 1894 ఆగస్టు 10న బరంపురమున ఒక తెలుగు కుటుంబములో జన్మించిరి. బరంపురము అప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందియుండెను. తండ్రి జోగయ్య పంతులుగారు న్యాయవాది. కుమారుడు కూడ న్యాయశాస్త్రము నభ్యసించుటకై 1913లో సముద్రము దాటిరి.

ఆ కాలమున బారిష్టరు చదువన్నచో మనవారికి లండనే తలపునకు వచ్చెడిది. కాని 1909లో మదన్‌లాల్ ధింగ్రా అను భారతీయ విద్యార్థి అక్కడ కర్జన్ వైలీ అను అధికారిని కాల్చి చంపిన నాటినుండి, ఆ నగరములోని మన విద్యార్థులను ప్రభుత్వము అనుమానదృష్టితో కనిపెట్టుచుండెను. గిరిగారు చేరినది ఐర్లండులోని డబ్లిన్. ఐర్లండు కూడ ఆనాడు బ్రిటిషు పాలనలోనిదే. ఒక పరాధీనదేశమునుండి బయలుదేరిన విద్యార్థి మరియొక పరాధీనదేశమునకు చేరెనన్నమాట.

డబ్లిన్‌లో బారిష్టరు కాగోరువారు కింగ్స్ ఇన్స్ అను ప్రాచీన న్యాయవిద్యాసంస్థలో చేరవలెను. ఉపన్యాసములు వినుట, పరీక్షలు వ్రాయుట మాత్రము చాలదు. నిర్ణయించినన్ని సార్లు ఆ సంస్థ భోజనశాలలో తోటివారితో కూర్చుండి విందారగింపవలెను. ఆ విందులును చదువులో భాగమే! దీనికితోడు యూనివర్సిటీ కాలేజీలో ఒక సంవత్సరము పాఠములు వినవలెనను నిబంధన యుండెను. 1914-15లో ఆ పాఠములకు కూర్చున్న తొలి భారతీయ బృందములో 13 మంది యుండిరి. వారిలో గిరిగారొకరు. ఆయనయు మరియొక న్యాయవిద్యార్థియు అంతటితో తృప్తిపడక బి.ఏ. తరగతిలో కూడ చేరిరి.

ఆ తరగతిలో ఆయనకు ఇద్దరు విశిష్టులైన గురువులు లభించిరి. అర్థశాస్త్రము బోధించినవారు థామస్ ఫిన్లే అను క్రైస్తవ మతాచార్యులు. ఐరిష్ రైతులు దళారుల చేతిలో చిక్కకుండ, సంఘములుగా కూడి తామే వెన్న తీసి అమ్ముకొనునట్లు చేసిన సహకారోద్యమమునకు ఆయన మూలస్తంభములలో ఒకరు. ఆంగ్లసాహిత్యము బోధించినవారు థామస్ మెక్‌డొనా. ఆయన కవి, విమర్శకుడు. అంతకుముందు బడిపంతులు. 1909లో ఐర్లండు మాధ్యమిక పాఠశాలల ఉపాధ్యాయ సంఘమును స్థాపించినవారిలో ఆయనయు ఒకరు. ఒకనాడు పాఠము నడుమ ఆయన జేబునుండి రివాల్వరు తీసి బల్లపై నుంచెనని, ఆయన శిష్యుడును అనంతరకాలమున ప్రసిద్ధ కవియునైన ఆస్టిన్ క్లార్క్ వ్రాసియున్నారు.

తరగతి వెలుపల నగరము మరియొక పాఠము చెప్పుచుండెను. గిరిగారు డబ్లిన్ చేరిన 1913వ సంవత్సరముననే అక్కడి యజమానులు, జేమ్స్ లార్కిన్ నడపిన కార్మిక సంఘమును విడువని వారికి పని లేదని తలుపులు మూసిరి. ఇంచుమించు 20,000 మంది కార్మికులు నెలల తరబడి పస్తులుండి, 1914 ఆరంభమున ఓడిపోయి పనిలో చేరిరి. ఆ కార్మికుల గృహముల స్థితి ఎట్టిదో నాటి ప్రభుత్వ విచారణయే తెలిపెను: 20,000కు పైగా కుటుంబములు ఒక్కొక్క గదిలోనే కాపురముండెను.

1914లో మహాయుద్ధము వచ్చెను. గిరిగారు లండనుకు పోయి గాంధీజీని కలిసికొనిరి. క్షతగాత్రులకు సేవచేయు రెడ్‌క్రాసు దళములో చేరుమని గాంధీజీ కోరగా, ఆయన మొదట అంగీకరించి పిదప పశ్చాత్తాపపడిరి. గాంధీజీ ఆయనను నిందింపలేదు. ఆ మాటనుండి విముక్తుని చేసి, సంగతి మరెవ్వరికిని తెలియనీయలేదు. పెద్దల యెదుట కాదనలేక ఒప్పుకొని పిమ్మట మథనపడని విద్యార్థి యెవడు?

దక్షిణాఫ్రికాలో భారతీయులకు జరుగుచున్న అన్యాయములను గూర్చి గిరిగారును మిత్రులును ఒక కరపత్రమును ప్రచురించిరి. అది గూఢచారుల చేత చిక్కెను. నాటినుండి డబ్లిన్‌లోని భారతీయ విద్యార్థులపై పోలీసు నిఘా హెచ్చెను.

1916 ఏప్రిల్ 24, సోమవారము. ఐరిష్ స్వాతంత్ర్యవాదులు ఆయుధములు ధరించి నగరములోని ముఖ్యభవనముల నాక్రమించి స్వతంత్ర ప్రభుత్వమును ప్రకటించిరి. ఆ ప్రకటనపై సంతకము చేసిన ఏడుగురిలో మెక్‌డొనా ఒకరు. ఆయన దళము ఒక బిస్కెట్ల కర్మాగారమును పట్టుకొని నిలిచెను. వారము తిరుగకముందే తిరుగుబాటు అణగిపోయెను. మే 3న ఆ సాహిత్యోపాధ్యాయుని సైనికులు చెరసాల ఆవరణలో కాల్చిచంపిరి. అప్పటికి ఆయన వయస్సు 38 సంవత్సరములు.

తరువాత పోలీసులు భారతీయ విద్యార్థుల గదులు సోదా చేసిరి. తిరుగుబాటు నాయకులతో సంబంధము కలదను అనుమానము గిరిగారిపై పడెను. ఒక నెలలో దేశము విడిచి పొమ్మని ఉత్తరువు వచ్చెను. జూన్ 21న ఆయన బారిష్టరైరి, బి.ఏ. మాత్రము పూర్తికాలేదు.

ఇంత చూచిన యువకుడు స్వదేశమునకు ఏమి తెచ్చెను? మెక్‌డొనా చేతిలోని తుపాకి ఒక దారి చూపెను. ఆకలితో ఓడిన డబ్లిన్ కార్మికుడు మరియొక దారి చూపెను. గిరిగారు రెండవదానిని గ్రహించిరి. న్యాయవాదిగా జీవితమారంభించినను, సహాయనిరాకరణ పిలుపు రాగా వృత్తిని విడిచి కారాగారమునకు పోయిరి. రైల్వే కార్మికులను సంఘటితపరచిరి. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సమ్మెను హింసకు తావులేకుండ నడపి విజయము సాధించిరి. 1952లో కేంద్ర కార్మికశాఖ మంత్రియైరి. బ్యాంకు ఉద్యోగుల వేతనములపై వెలువడిన తీర్పును ప్రభుత్వము సవరింపగా, 1954లో ఆ పదవిని వదలుకొనిరి. గురువు పట్టిన ఆయుధమును శిష్యుడు పట్టలేదు. గురువు ఉపాధ్యాయులకు సంఘము కట్టినట్లు శిష్యుడు శ్రామికులకు సంఘములు కట్టెను.

తన తరగతిలో కూర్చున్న గంజాం జిల్లా యువకుడు భారతదేశమునకు రాష్ట్రపతి యగునని మెక్‌డొనా ఎరుగడు. ఉపాధ్యాయులందరి గతియు ఇంచుమించు ఇట్టిదే. అయినను మరునాటి పాఠమునకు వారు శ్రద్ధతో సిద్ధపడుచునే యుందురు.