మీకు తెలుసా? పప్పుబద్దలూ ఆకులే!

మనం వండుకునే కందిపప్పు బద్ద నిజానికి ఒక ఆకు. మొక్క తన తొలి రెండు ఆకులనూ విత్తనంలోనే తయారుచేసుకుని, వాటి నిండా పిండిపదార్థం, మాంసకృత్తులు దాచుకుంటుంది. బీజదళాలంటే అవే. వేరుశనగ గింజను రెండుగా విడదీసి చూడండి. ఒక బద్ద కొసన చిన్న ముక్కు అంటుకుని ఉంటుంది. కాబోయే మొక్క అదే. మిగతాదంతా దాని దారిబత్తెం. కందులు మొలకెత్తుతాయి, కందిపప్పు మొలకెత్తదు. పప్పు విరిచినప్పుడే ఆ ముక్కు ఊడిపోతుంది మరి!

పెసర, చిక్కుడు మొలకలు బీజదళాలను నేల పైకి తెచ్చుకుంటాయి. కాడ వంగి ముందు తాను మట్టిని చీల్చుకుంటుంది, లేత చివురు నలగకుండా వెనకాలే వస్తుంది. కంది, శనగ మాత్రం బీజదళాలను మట్టిలోనే ఉంచేస్తాయి. పైన మొలకను ఏ మేకో కొరికేసినా, లోపల మిగిలిన మొగ్గల నుంచి మళ్లీ చిగురించే వీలుంటుంది.

వేరుశనగలో బీజదళాల మొదట్లోంచి రెండు పక్కకొమ్మలు వస్తాయి. చెట్టుకు కాసే కాయల్లో ఎక్కువ భాగం వీటివే. విత్తనం మరీ లోతుగా పడితే మొలక బలమంతా పైకి రావడానికే సరిపోయి, ఈ కొమ్మలు దెబ్బతింటాయి.

వరి, జొన్న, కొబ్బరి, తాడి... వీటికి బీజదళం ఒక్కటే. మొలకెత్తిన కాయలో దొరికే కొబ్బరిపువ్వు పువ్వు కానేకాదు. బీజదళం కొస ఉబ్బి, చుట్టూ ఉన్న కొబ్బరినీ నీళ్లనూ పీల్చుకుంటూ అలా తయారవుతుంది. తాటిటెంకలోని బుర్రగుంజు కూడా అంతే. తాడిలో ఇంకో అద్భుతం ఉంది. బీజదళం కాడ టెంకలోంచి బయటికి సాగి, లోపలి పిండాన్ని నేలలోకి దింపుతుంది. పాతరేసిన టెంకల అడుగున తేగలు ఊరేది అందుకే.

దక్షిణాఫ్రికాలో పెరిగే స్ట్రెప్టోకార్పస్ వెండ్లాండీ మొక్కకు రెండు బీజదళాల్లో ఒకటి తొందరగానే ఎదుగుదల ఆపేస్తుంది. రెండోది మూరకు మించి పెరుగుతుంది. జీవితాంతం ఆ మొక్కకు అదొక్కటే ఆకు!

బంగారుతీగకు బీజదళాలే ఉండవు. చుట్టుకోవడానికి పచ్చని మొక్క కొద్దిరోజుల్లో దొరక్కపోతే మొలక ఎండిపోతుంది.

పెరట్లో టమాటా నారు పోశారా? అసలు ఆకులు వచ్చాక కింది రెండూ పసుపుబారి రాలితే కంగారుపడకండి, అది సహజమే. అసలు ఆకులు రాకముందే బీజదళాలు వాడితే మాత్రం నీరు ఎక్కువైందేమో, ఎండ చాల్లేదేమో చూసుకోండి.