నడుములో నరాల దారి ఇరుకైతే ఆపరేషన్ తప్పదా?

సభ్యులారా, పాల క్యానుతో పాడేరు కొండదారి ఎక్కేటప్పుడు బాగానే ఉండి, దిగేటప్పుడు కాళ్లు లాగి తిమ్మిరెక్కుతున్నాయా? కూర్చుంటే, ముందుకు వంగితే నెమ్మదిస్తోందా? యాభై దాటినవారిలో ఇది నడుము దగ్గర నరాల దారి ఇరుకైన గుర్తు కావచ్చు. ఎక్కేటప్పుడు నడుము వంగి ఆ దారి కొంత తెరుచుకొంటుంది. దిగేటప్పుడు వెనక్కు వాలి మూసుకొంటుంది. కాళ్ల రక్తనాళాల జబ్బయితే ఎక్కేటప్పుడే బాధ ఎక్కువ, ఊరికే నిలబడినా తగ్గుతుంది.

ఆపరేషన్‌లో నరాలను నొక్కే ఎముకను తొలగిస్తారు. అమెరికాలో ఆపరేషన్‌కు ఒప్పుకొన్న 169 మందిలో సుమారు సగం మందికి ఆపరేషన్, మిగిలినవారికి వ్యాయామం కేటాయించి చూశారు. 2015లో ఫలితాలు వెలువడ్డాయి. రెండేళ్లకు రెండు జట్ల స్థితీ ఇంచుమించు ఒక్కటే. అయితే వ్యాయామం జట్టులో సగానికి పైగా మధ్యలో ఆపరేషన్‌కే వెళ్లారు. కనుక వ్యాయామమే చాలునని దీన్నిబట్టి అనలేము. తొందర లేదని మాత్రం అనవచ్చు.

ముందు ఫిజియోథెరపిస్టు దగ్గర వ్యాయామం నేర్చుకొని కొన్ని వారాలు విడవకుండా చేయండి. నిండు క్యాను ఒక్కరే ఎత్తకండి. వెన్నులో సూదిమందుకు ఉపశమనం ఉన్నా కొద్దికాలమే. నెలలు గడిచినా నాలుగడుగులు వేయలేకపోతే అప్పుడు ఆపరేషన్ మాట డాక్టరుతో మాట్లాడండి.

కాలు పట్టు తప్పినా, మలమూత్ర ద్వారాల చుట్టూ స్పర్శ పోయినా, మూత్రం బిగిసినా, అదుపు తప్పినా అదే రోజు విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రి వంటి పెద్దాసుపత్రికి చేరాలి. ఆ పూట కేంద్రంలో పాలు ఇంకొకరు పోస్తారు.