బండి తాళం, అంగారకుడిపై కంప్యూటర్



ఉదయం ఆఫీసుకు టైమవుతోంది. బండి తాళం మీ చిన్నబ్బాయి దగ్గర ఉంది. వాడు తెచ్చి ఇద్దామనుకునేలోపు అక్క పిలిచి ఒకదాని తర్వాత ఒకటి పనులు చెబుతోంది. అందరికన్నా తొందర మీకే, ఆలస్యమూ మీకే!

1997లో అంగారకుడిపై ఇలాంటిదే జరిగింది. జులై 4న దిగిన నాసా పాత్‌ఫైండర్‌లోని కంప్యూటర్ కొద్ది రోజులకే దానంతట అదే రీస్టార్ట్ కావడం మొదలైంది. ఆ రోజు మిగిలిన పరిశీలనలు మర్నాటికి వాయిదా పడేవి.

ప్రాసెసర్ ఏ పని ముందు చేయాలో నిర్ణయించేది ఆపరేటింగ్ సిస్టమ్‌లోని కెర్నెల్. వాతావరణ వివరాలు సేకరించే చిన్న పని ఒక 'తాళం' పట్టుకుని ఉండగా, మధ్యస్థాయి పనులు దాన్ని పక్కకు నెట్టాయి. ఆ తాళం కోసం చూస్తున్న ముఖ్యమైన పని గడువులోగా పూర్తికాక, కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యేది.

ల్యాండింగ్‌కు ముందు పరీక్షల్లోనూ ఈ లోపం కనిపించింది. కానీ మళ్లీ రప్పించలేకపోవడంతో కారణం దొరకలేదు. ఈసారి ఇంజినీర్లు భూమిపై ఉన్న నమూనా యంత్రంలో అదే తప్పు మళ్లీ జరిగేలా చేసి, మూలం పట్టుకున్నారు. తాళం వదిలేవరకూ చిన్న పనికీ పెద్ద పనితో సమాన ప్రాధాన్యం ఇచ్చే సౌకర్యం కెర్నెల్‌లో ముందే ఉంది. ఆ తాళానికి ఆన్ చేయలేదంతే. ఆ మార్పును భూమి నుంచే పంపారు.

మీ పిల్లలు లెక్క తప్పు చేస్తే వెంటనే జవాబు చెప్పకండి. "మళ్లీ మొదటి నుంచి చెయ్యి, ఎక్కడ తప్పుతోందో ఇద్దరం చూద్దాం" అనండి.