నోరు పాడయ్యేది అలవాట్ల వల్లేనా?

అమెరికాలో నల్లజాతి, లాటినో, ఆసియా కుటుంబాలకు చెందిన గే, బైసెక్సువల్ యువకుల నోటి ఆరోగ్యం గురించి మాట వస్తే చాలు, వాళ్ల పడకగది గురించే మాట్లాడతారు. చూడాల్సింది బీమా కాగితాలను, సిగరెట్ కంపెనీల ఫైళ్లను.

అపోహ: వాళ్లు బతికే తీరే పళ్లను, చిగుళ్లను పాడుచేస్తుంది.

ఎవరిని ప్రేమిస్తున్నారన్నదాన్ని బట్టి పన్ను పుచ్చదు. తీపి, పొగాకు, ఎండిపోయే నోరు, వాయిదా పడ్డ వైద్యం, ఇవీ కారణాలు. పొగాకునే చూడండి. అమెరికాలో గే, బైసెక్సువల్ మగవాళ్లలో పొగతాగేవాళ్లు ఎక్కువే, కానీ ఆ అలవాటు ఊరికే అంటుకోలేదు. 1990లలో ఆర్.జె. రెనాల్డ్స్ కంపెనీ శాన్‌ఫ్రాన్సిస్కోలో గే జనం ఎక్కువగా ఉండే కాస్ట్రోను, పేదలుండే టెండర్‌లాయిన్‌ను గురిపెట్టి అమ్మకాల పథకం వేసింది. కొనేవాళ్లను కించపరిచే పేరే దానికి పెట్టుకుంది: ప్రాజెక్ట్ స్కమ్, అంటే నీచజనం. నల్లజాతి పేటలను దశాబ్దాలుగా మెంథాల్ సిగరెట్ల ప్రకటనలతో ముంచెత్తారు. నల్లజాతి గే కుర్రాడి మీద ఈ రెండు వలలూ పడ్డాయి. పొగతాగేవాళ్ల చిగుళ్ల నుంచి రక్తం తక్కువగా వస్తుంది. అందుకే పన్ను కదిలేదాకా జబ్బు సంగతి తెలియకపోవచ్చు.

అపోహ: బీమా ఉండి కూడా వెళ్లరు, బద్ధకం.

అక్కడ ఒంటికి బీమా వేరు, పంటికి వేరు. 2010 నాటి చట్టం 26 ఏళ్లు వచ్చేదాకా తల్లిదండ్రుల ఆరోగ్య బీమాలో ఉండనిస్తుంది గానీ, పెద్దవాళ్ల దంతవైద్యాన్ని తప్పనిసరి చేయలేదు. పేదలకిచ్చే మెడికెయిడ్‌లో 21 దాటినవాళ్లకు ఆ వైద్యం ఇవ్వడం రాష్ట్రాల ఇష్టం. కొన్నిచోట్ల అత్యవసరానికే ఇస్తారు, అంటే చాలాసార్లు పన్ను పీకడమే. గే అని తెలిసి ఇంట్లోంచి గెంటేసిన కుర్రాడికి అమ్మానాన్నల బీమా మాత్రం ఎక్కడిది?

అపోహ: హెచ్‌ఐవీ ఉంటే డెంటిస్టు కాదనవచ్చు.

కాదనకూడదు. 1994లో మెయిన్ రాష్ట్రంలో రాండన్ బ్రాగ్డన్ అనే డెంటిస్టు, హెచ్‌ఐవీ ఉన్న సిడ్నీ అబాట్ పుచ్చుపన్నుకు తన క్లినిక్‌లో సిమెంటు పెట్టనన్నాడు. లక్షణాలు బయటపడకపోయినా హెచ్‌ఐవీ వైకల్య చట్టం పరిధిలోకి వస్తుందని 1998లో సుప్రీంకోర్టు తేల్చింది. లాలాజలంతో హెచ్‌ఐవీ సోకదు, అందరికీ తీసుకునే జాగ్రత్తలే సరిపోతాయి. అయినా క్లినిక్‌లో ఇచ్చే ఫారంలో హెచ్‌ఐవీ ఉందా అన్న ప్రశ్న దగ్గర చేయి ఆగిపోయి, ఇంకెప్పుడూ అటు వెళ్లనివాళ్లున్నారు. ఈ నష్టం చిన్నది కాదు. బుగ్గల లోపల గీకితే ఊడొచ్చే తెల్లని పూత, నాలుక పక్కన గీకినా పోని తెల్లని చారలు కొందరిలో హెచ్‌ఐవీకి తొలి ఆనవాళ్లు. వాటిని ముందుగా పసిగట్టగలిగేది పళ్ల డాక్టరే.

అపోహ: ప్రెప్ మాత్ర వేసుకుంటే నోటికి భయం లేదు.

ఆ మాత్ర ఆపేది హెచ్‌ఐవీని ఒక్కదాన్నే. సిఫిలిస్ పుండు పెదవి మీద నొప్పి లేకుండా వచ్చి, కొన్ని వారాల్లో దానంతటదే మానిపోతుంది. జబ్బు లోపలే ఉంటుంది. గొంతులో గనేరియా చాలామందికి తెలియనే తెలియదు.

అపోహ: హెచ్‌పీవీ టీకా ఆడపిల్లలకే.

అమెరికాలో నాలుక మొదలు, టాన్సిల్స్ దగ్గర వచ్చే క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి హెచ్‌పీవీ అనే వైరస్సే కారణం. మగవాళ్లలోనే ఎక్కువ. అబ్బాయిలకూ ఈ టీకా వేయించాలని 2011 నుంచీ చెబుతున్నారు.

అపోహ: మన పిల్లలకు ఈ బాధ లేదు.

అక్కడే పుట్టి పెరిగిన తెలుగు కుర్రాడు తెలుగు డాక్టరు దగ్గరికి వెళ్తే సంగతి ఇంటికి చేరుతుందని వెనకాడవచ్చు. 18 నిండినవాళ్ల వివరాలను వాళ్ల అనుమతి లేకుండా డాక్టరు తల్లిదండ్రుల చెవిన వేయకూడదు, 1996 నాటి హిపా చట్టం ఒప్పుకోదు. చిక్కు వేరేచోట ఉంది: బీమా నాన్న పేరు మీద ఉంటే ఖర్చుల కాగితం ఆయనకే వెళ్లవచ్చు. అది బయటపడితే తనకు ప్రమాదమని రాసిచ్చి, వేరే చిరునామాకు పంపమని బీమా కంపెనీని ముందే కోరవచ్చు. సబబైన కోరికైతే కంపెనీ ఒప్పుకుని తీరాలి.