పదునేడు మాత్రలలో మోదుగుపూవు

హైదరాబాదు నుండి నర్సాపురము మీదుగా మెదకు పోవు బాటలో కౌడిపల్లి కలదు. మాఘమాసము సగము గడచునప్పటికి ఆ ప్రాంతపు మోదుగులు ఆకు రాల్చి, ఒడలెల్ల పూవులై నిలుచును. బస్సులో పోవువారు కిటికీ నుండి ఒకసారి చూచి, "ఎంత బాగున్నది!" అని, మరల తమ మాటలలో పడుదురు. ఆ చూపును అంతటితో పోనీయక, దినమున కొక చిన్న పద్యముగా వ్రాసికొను అలవాటును గూర్చి ముచ్చటింపదలచితిమి. ఆ పద్యము జపానువారి హైకూ.

హైకూనకు మూడు పాదములు. ఐదు, ఏడు, ఐదు, వెరసి 17. పదునేడేమి? అక్షరములని మనవారిలో పలువురు చెప్పుదురు. ఇచ్చట చిన్న పొరపాటు కలదు. జపాను భాషలో హ్రస్వమునకు ఒకటి, దీర్ఘమునకు రెండు లెక్క. ద్విత్వములో మొదటి హల్లునకు వేరుగా ఒకటి. పదము చివరి నకారపు పొల్లునకు మరియొకటి. వారి దేశము పేరు 'నిప్పొన్' అనునదే చూడుడు. మన కంటికి రెండక్షరములు, వారి లెక్కకు నాలుగు. మన ఛందస్సు చొప్పున చూచినను, ద్విత్వమునకు ముందున్న 'ని' గురువు, పొల్లుతో కూడిన 'ప్పొన్' గురువు, నాలుగు మాత్రలే! రగడలును, గురజాడవారి ముత్యాలసరములును నడచునది మాత్రల మీదనే గదా. కావున ఈ కొలత మనకు పరాయిది కాదు. అక్షరములు లెక్కించి వ్రాసినచో అన్నియు గురువులైనపుడు 34 మాత్రల దాక పెరిగి, హైకూ బరువెక్కును. తెలుగున హైకూ వ్రాసినవారిలో పెక్కుమంది అసలు లెక్కయే విడిచి, మూడు పాదములను మాత్రము నిలుపుకొనిరి. 1997లో 'కప్పల నిశ్శబ్దం' వెలువరించిన కాకినాడ కవి ఇస్మాయిల్ మొదలగువారి వలన ఈ రూపము మన పాఠకులకు దగ్గరైనది. లెక్క విడుచుట తప్పని మేమనము. అయినను క్రొత్తగా మొదలిడువారికి మాత్రల కట్టు మేలే చేయును. అనవసరపు మాట తనంతట తానే జారిపోవును.

ఇంతకంటె పెద్ద చిక్కు మరియొకటి కలదు. హైకూలో ఋతువును తెలుపు మాట యొకటి ఉండవలెనని జపానువారి సంప్రదాయము. దానిని 'కిగో' అందురు. ఏ మాట ఏ ఋతువునకు చెందునో తెలుపు కోశములు సైతము వారికి కలవు. ఉత్తగా 'పూవు' అన్నచో అది వసంతమందలి చెర్రీపూవే యని వారి వాడుక. దీనిని చదివి మన యువకులు కొందరు, కన్నులార ఎన్నడును చూడని చెర్రీపూవుల మీద హైకూలల్లుచున్నారు! ఇంటి వెనుక వేప పూచి రాలుచుండగా ఇదేమి దరిద్రము?

మన మాటలు మనకు లేకపోలేదు. మాఘ ఫాల్గునములలో మోదుగు, బూరుగు; పిమ్మట తెల్లవారుజామున నేల రాలు ఇప్పపూవు; ఉగాది పచ్చడికి వేపపూత; తునికి చిగురు; ఎండలు ముదిరిన పిదప పసుపుగుత్తుల రేల. అయితే పంచాంగము తెరచినచో ఒక వింత కనబడును. వసంతమనగా చైత్ర వైశాఖములు. మోదుగు విరియబూయునది శిశిరమున! మాఘశుద్ధ పంచమిని వసంతపంచమి యనియు, ఫాల్గున పూర్ణిమనాటి రంగుల పండుగను వసంతోత్సవమనియు పిలిచిన పెద్దలు ఈ సంగతి నెరిగియే యుందురు. ఆ రంగును మోదుగుపూలు ఉడికించియే గదా తీసెడివారు. జపానువారి వసంతమో, ఫిబ్రవరి 4వ తేదీ ప్రాంతముననే మొదలగును. మన మోదుగు వారి పంచాంగమున కొదిగినట్లు మన పంచాంగమున కొదుగదు. ఇట్టివి పుస్తకము చదివిన తెలియవు. ప్రతిదినము పద్యము క్రింద తేదీ వేసికొనువానికి రెండేండ్లలో తెలియును.

కౌడిపల్లి మోదుగును చూచి మేము మొదట వ్రాసినది ఇది:

మోడుపై
మోదుగ మంట
పొగలేదు

మాత్రలు సరిపోయినవి. చదివినవారు మెచ్చుకొనిరి కూడ. కాని మరునాడు చూడగా మాకే నచ్చలేదు. పూవును మంటయనుట ఎన్నడో అరిగిపోయిన పోలిక; చెట్టును గాక మా తెలివిని చూపితిమి. వారము దాటిన పిదప, పోలిక జోలికి పోక వ్రాసినది:

గంపలో
ఇప్పపూవులు
పొద్దెక్కె

దీనిని మెచ్చినవారు తక్కువ. మాకు మాత్రము ఇదియే మేలనిపించుచున్నది. చీకటితో లేచి పూవులేరిన మనిషిని చెప్పలేదు; అయినను ఆమె అందున్నది.

ఉన్నదానిని ఉన్నట్లు చిత్రింపుడని బోధించినవాడు మసఓక షికీ (1867-1902). హైకూ అను పేరును స్థిరపరచినవాడును అతడే. క్షయవ్యాధి వెన్నెముకకు సోకగా టోక్యోలోని తన యింట మంచము పట్టి, కదలలేక, ఎదుటనున్న చిన్న తోటనే చూచుచు వ్రాసెను. 1902లో తన రోగశయ్యను గూర్చి ఒక దినపత్రికలో వ్యాసములు వరుసగా వెలువరించెను. అవి అతని మరణమునకు రెండు దినముల ముందు దాక సాగినవి. ప్రాణము విడుచుటకు ముందునాడు వ్రాసిన మూడు హైకూలును ఆ తోటలోని నేతిబీరను గూర్చినవే. ఆ తీగ నీరు కఫమునకు మందుగా వాడెడివారు. మన పెరళ్ళలో ప్రాకు నేతిబీరయే అది.