వయసు పైబడిన దింపు కార్మికులకు చెట్టు ఎక్కే సురక్షిత పద్ధతులు

గోదావరి తూర్పు డెల్టాలోని మండపేట పరిసరాల్లో వరిచేల గట్లమీద, కాలువ ఒడ్డున, ఇళ్ల పెరళ్లలో కొబ్బరి చెట్టు కనిపించని చోటు అరుదు. గౌతమి పాయ దాటి కోనసీమలోకి అడుగుపెడితే అదే ప్రధాన తోట పంట. చెట్టు నాటేది, నీరు పెట్టేది రైతు. కాయను నేలకు చేర్చేది దింపు కార్మికుడు. మొవ్వు శుభ్రం చేయడం, ఎండిన మట్టలు తొలగించడం, కొమ్ము పురుగు ఆశించిన చెట్టును ముందుగా గుర్తించి రైతుకు చెప్పడం కూడా అతని చేతిమీదుగానే జరుగుతాయి.

ఈ వృత్తిలోకి కొత్తవారు రావడం తగ్గిపోయింది. ఉన్నవారి వయసు పెరుగుతోంది. 1996 నవంబరు 6న కోనసీమ తీరాన్ని తాకిన తుపానులో పెద్ద సంఖ్యలో కొబ్బరి చెట్లు కూలిపోయాయి. ఆ తరువాత నాటిన పొడవు రకాలు ఇప్పుడు పూర్తి ఎత్తుకు చేరుకుంటున్నాయి. ఆనాడు పాతికేళ్ల యువకుడిగా ఉన్న కార్మికుడు నేడు యాభై దాటాడు. అంటే ఎక్కవలసిన ఎత్తు పెరుగుతూ ఉండగా ఎక్కేవాని శక్తి తగ్గుతూ వస్తోంది. వయసు పైబడిన వారు ఈ పనిని ఏ పద్ధతిలో, ఏ హద్దుల్లో కొనసాగించవచ్చునో, ఎప్పుడు మానుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది. ఇందులోని సూత్రాలు చాలావరకు తాడిచెట్టు ఎక్కే గీత కార్మికులకు కూడా వర్తిస్తాయి.

శ్రమ, ప్రమాద తీవ్రత

పన్నెండు మీటర్ల చెట్లను రోజుకు 30 చొప్పున ఎక్కే కార్మికుడు ఆ రోజు మొత్తం 360 మీటర్ల ఎత్తు ఎక్కినట్లు లెక్క. అది మెట్లమీదుగా సుమారు 120 అంతస్తులు ఎక్కడంతో సమానం. ఇక్కడ మెట్లు లేవు; శరీర భారమంతా చేతులు, పాదాలు, మోకాళ్లపై పడుతుంది.

పట్టు తప్పితే సవరించుకొనే వ్యవధి దాదాపు ఉండదు. పన్నెండు మీటర్ల నుంచి జారిన మనిషి ఒకటిన్నర సెకనుకు కాస్త పైగా సమయంలో నేలను తాకుతాడు. అప్పటి వేగం గంటకు 55 కిలోమీటర్లు. అటువంటి పాటులో ప్రాణం దక్కినా వెన్నెముక, తుంటి, మడమ ఎముకలు విరగడం సర్వసాధారణం. వెన్నుపాము దెబ్బతింటే కాళ్లు శాశ్వతంగా చచ్చుబడవచ్చు. వయసుతో ఎముక గుల్లబారిన వారికి నష్టం మరింత ఎక్కువ.

వయసుతో వచ్చే మార్పులు

ముప్పయ్యేళ్లు దాటాక శరీరం ప్రాణవాయువును వినియోగించుకొనే గరిష్ఠ సామర్థ్యం పదేళ్లకు పది శాతం వరకు తగ్గుతుంది. అందువల్ల యువకునికి మామూలుగా అనిపించే చెట్టు, అరవై ఏళ్ల వానికి తన శక్తి అంచుదాకా తీసుకుపోయే శ్రమ అవుతుంది. తొడ కండరాలు సన్నబడి, మోకీళ్లు అరిగి, మోకాలు బాగా మడిచి పైకి లేవడం కష్టమవుతుంది. పిడికిలి పట్టు సడలుతుంది. మధుమేహం ఉన్నవారికి అరికాళ్లలో స్పర్శ తగ్గి, పాదం జారుతున్న సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. రక్తపోటుకు మందులు వాడేవారిలో కొందరికి ఎండలో చెమట పట్టి, నీరు తగ్గినప్పుడు కళ్లు తిరుగుతాయి.

అనుభవం ఈ లోపాలను కొంతవరకు కప్పిపుచ్చుతుంది. నలభై ఏళ్లుగా ఎక్కుతున్న మనిషికి ఏ బోదె నున్నగా ఉందో, ఏ మట్ట ఊడిరావచ్చునో చూడగానే తెలుస్తుంది. కానీ పాదం జారిన క్షణంలో కాపాడవలసింది కండరం, పట్టు, చురుకుదనం. వయసుతో తగ్గేవి కూడా ఇవే. కాబట్టి పెద్దవయసు వారికి చేతి పట్టు మీద ఆధారపడని పద్ధతి అవసరం.

సంప్రదాయ పద్ధతి బలం, లోపం

కాళ్లకు బంధం, నడుముకు చెట్టు చుట్టూ తిరిగివచ్చే మోకు కట్టుకొని ఎక్కే పద్ధతి తరతరాలుగా వస్తున్నది. ఇందులో మనిషి వెనక్కి వాలినప్పుడు మోకు బోదెను గట్టిగా ఒరుసుకొని నిలుస్తుంది. చేతులు కాసేపు విశ్రాంతి పొందుతాయి. ఖర్చు స్వల్పం, వేగం ఎక్కువ.

అయితే పాదాలు జారి శరీరం బోదె వైపు ఒరిగితే మోకులో బిగువు పోతుంది. వదులైన మోకు మనిషితోపాటు కిందికి జారిపోతుంది. అంటే, అది పనిచేసేందుకు ఆసరా ఇస్తుంది గాని, పడేవానిని ఆపదు. పైగా భారమంతా నడుము ఒక్కదానిమీదే పడటం వల్ల, ఒకవేళ మోకు ఆపినా కడుపులోని అవయవాలకు, వెన్నుకు దెబ్బ తగలవచ్చు.

బోదెకు మెట్లుగా గాట్లు పెట్టడం ఈ సమస్యకు పరిష్కారం కాదు. కొబ్బరి ఏకదళబీజ వృక్షం. దాని కాండంలో గాయాన్ని పూడ్చే కణపొర లేదు. ఒకసారి పడిన గాటు శాశ్వతంగా ఉండిపోయి, నీరు నిలిచి, ఎర్రముక్కు పురుగుకు, తెగుళ్లకు దారి అవుతుంది.

కూర్చొని ఎక్కే పట్టీ పద్ధతి

తొడలను, నడుమును, భుజాలను చుట్టి శరీరాన్ని కూర్చున్న భంగిమలో నిలిపే పట్టీలు పర్వతారోహకులు, ఎత్తైన కట్టడాలపై పనిచేసేవారు వాడేవే. తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికుల కోసం ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరిట ఇటువంటి సామగ్రి పంపిణీని 2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో ప్రారంభించింది. తాటిచెట్టుకు ఉద్దేశించిన ఆ ఆలోచన కొబ్బరికీ పనికివస్తుంది.

పెద్దవయసు వారికి అనువైన క్రమం ఇది. బోదె చుట్టూ రెండు తాళ్లు ఉండాలి. రెండూ పట్టీకి వేరువేరుగా, తాళం పడే ఉక్కు కొక్కేలతో తగిలించాలి. ప్రతి తాడూ బరువు పడగానే బోదెను ఉచ్చులా బిగించే రీతిలో వేయాలి. మామూలు మోకుకు, దీనికి ముఖ్యమైన భేదం ఇదే. పాదాలకు బంధంగాని, తాడు మెట్టుగాని ఉంటుంది.

మొదట నేలకు మోకాలెత్తులోనే పట్టీలో పూర్తి బరువుతో కూర్చొని, తాడు, ముడి, కొక్కెం సరిచూసుకోవాలి. తరువాత పై తాడుమీద కూర్చొని, పాదాల బంధాన్ని జానెడు ఎత్తు పైకి లాక్కోవాలి. పాదాలమీద నిలబడి, బరువు తీసిన పై తాడును జానెడు పైకి జరపాలి. మళ్లీ కూర్చోవాలి. రెండవ తాడు వెన్నంటి రావాలి. ఏ క్షణంలోనైనా కనీసం ఒక తాడు బిగిసి ఉండాలి. రెండింటినీ ఒకేసారి వదులు చేయరాదు.

అడుగు ఎంత చిన్నదైతే మోకాలు అంత తక్కువ మడుస్తుంది. ఒక్కో అడుగు పాతిక సెంటీమీటర్లయితే పన్నెండు మీటర్లకు 48 అడుగులు. అడుగుకు పది సెకన్లు పట్టినా ఎనిమిది నిమిషాల్లో పైకి చేరవచ్చు. మధ్యలో ఎక్కడైనా కూర్చొని ఊపిరి తీసుకొనే వీలుండటం ఈ పద్ధతిలోని పెద్ద ప్రయోజనం.

చెట్టెక్కే యంత్రాలు

కేరళలోని కన్నూరు జిల్లాకు చెందిన చెంబేరి జోసఫ్ రూపొందించిన పరికరం దేశమంతటా ప్రచారం పొందింది. రెండు పాదాలకు రెండు ఇనుప చట్రాలు, బోదెను చుట్టే ఉక్కు తీగలు ఇందులో ఉంటాయి. నిలబడి ఒక పాదం తరువాత మరొకటి ఎత్తుతూ ఎక్కాలి. కొబ్బరి అభివృద్ధి మండలి 2011లో ప్రారంభించిన ‘కొబ్బరి చెట్టు నేస్తాలు’ శిక్షణ కార్యక్రమం యువతను ఇటువంటి యంత్రాలతో ఎక్కేందుకు సిద్ధం చేసింది. తొలి నమూనాలో పడకుండా ఆపే ఏర్పాటు లేకపోవడంతో కాసరగోడులోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ దానికి భద్రతా అమరికను జోడించింది.

తమిళనాడులో ప్రచారంలోకి వచ్చిన రెండవ రకం యంత్రానికి పై చట్రంలో కూర్చొనే పీట ఉంటుంది. పీటమీద కూర్చొని కింది చట్రాన్ని పాదాలతో పైకి లాగి, లేచి నిలబడి పై చట్రాన్ని ఎత్తాలి. ఇది బరువైనది, నెమ్మదైనది. అయినా ఒంటికాలిపై భారం పడదు గనుక మోకాలి నొప్పి ఉన్నవారికి, తూలుడు ఉన్నవారికి నిలబడి ఎక్కే యంత్రం కన్న ఇదే మేలు. యంత్రాన్ని చెట్టు నుంచి చెట్టుకు మోయడానికి సహాయకుడు ఉండాలి.

ఏ యంత్రానికైనా కొన్ని హద్దులున్నాయి. బోదె మొదట్లో లావుగా ఉండి పైకి పోనుపోను సన్నబడుతుంది; తీగ పొడవును మధ్యలో సవరించుకోకపోతే చట్రం వాలి పట్టు సడలుతుంది. బాగా వంగిన చెట్లకు యంత్రం పనికిరాదు. వానకు తడిసి పాచి పట్టిన బోదెపై ఏ పద్ధతిలోనూ ఎక్కరాదు. యంత్రం వాడినా పట్టీ, బోదెకు విడిగా వేసిన తాడు తప్పనిసరి.

మొవ్వు దగ్గర జాగ్రత్తలు

బోదెమీద సురక్షితంగా ఎక్కినవారు కూడా మొవ్వు దగ్గర ప్రమాదంలో పడే అవకాశం ఉంది. గెలలు అడ్డు రావడంతో తాడు విప్పి, మట్ట పట్టుకొని పైకి లేవడం అలవాటు. ఎండిన మట్ట చేతిలోకే ఊడిరావచ్చు. పెద్దవయసు వారు మొవ్వులోకి ఎక్కి కూర్చోవడం మానాలి. గెలలకు దిగువనే పట్టీలో కూర్చొని, ఒక పక్కకు జరిగి, పొట్టి కర్రకు కట్టిన కొడవలితో కోయాలి. గెల కింద నేరుగా ఉండరాదు. తాడును మట్టకుగాని, గెల కాడకుగాని ఎన్నడూ కట్టరాదు, బోదెకే కట్టాలి. కొడవలి అంచు తాడును తాకకుండా చూసుకోవాలి. బొండాలను తాడుతో దింపేటప్పుడు, ఆ తాడు పట్టీకి సంబంధం లేనిదై ఉండాలి.

కింద ఉండవలసిన మనిషి

పట్టీ మనిషిని పడకుండా ఆపుతుంది. కానీ స్పృహ తప్పిగాని, కదలలేకగాని పట్టీలో వేలాడే మనిషికి వేరొక ప్రమాదం ఉంది. రక్తం కాళ్లలోనే నిలిచి మెదడుకు చేరడం తగ్గుతుంది. కొద్ది నిమిషాల్లోనే స్థితి విషమించవచ్చు. అందువల్ల ఒంటరిగా ఎక్కడం పూర్తిగా నిషిద్ధం. కింద ఉండే రెండవ వ్యక్తి ఊరికే కాయలు ఏరేవాడైతే చాలదు. అతనికి ఎక్కడం, దింపడం తెలిసి ఉండాలి. రెండవ పట్టీ, పొడవైన తాడు చేతికందే దూరంలో ఉండాలి. స్పృహలో ఉండి వేలాడుతున్నవాడు పాదాలను తాడు మెట్టులో ఉంచి మధ్యమధ్య నిలబడుతూ ఉండాలి.

నేలమీద నుంచి కోత

ఆరేడు మీటర్ల ఎత్తులోపు గెలలను నేలమీద నుంచే పొడవాటి గడకు అమర్చిన కొడవలితో కోయవచ్చు. అయితే ఎత్తుతోపాటు గడ ఊగుతుంది, భుజాల నొప్పి పెరుగుతుంది. కాలువగట్ల వెంట, వీధుల్లో విద్యుత్ తీగలకు దగ్గరగా ఉన్న చెట్ల వద్ద అల్యూమినియం, ఇనుప గడలు వాడితే ప్రాణాపాయం. అటువంటి చోట సరఫరా నిలిపించిన తరువాతనే పని చేయాలి.

కొత్తగా నాటే రైతులకు ఇక్కడ ఒక అవకాశం ఉంది. గంగాబొండాం వంటి పొట్టి రకాలు మూడు నాలుగేళ్లకే కాపుకు వచ్చి చాలాకాలం చేతికందే ఎత్తులో ఉంటాయి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం నుంచి విడుదలైన గోదావరి గంగ, తూర్పు తీర పొడవు రకానికి, గంగాబొండానికి పుట్టిన సంకరం. పొడవు రకాల కంటే ముందుగా కాపుకు వస్తుంది.

ఎప్పుడు మానాలి?

వయసు అంకె ఒక్కటే హద్దు కాదు. చేతులు కట్టుకొని కుర్చీలో నుంచి అయిదుసార్లు లేచి కూర్చోవడానికి పదిహేను సెకన్లు దాటితే తూలిపడే ముప్పు ఉన్నట్లు వైద్యులు భావిస్తారు. ఒంటికాలిపై పది సెకన్లు నిలవలేనివారు, అరికాళ్లలో తిమ్మిరి ఉన్నవారు, ఇటీవల కళ్లు తిరిగినవారు, ఛాతీనొప్పి వచ్చినవారు వైద్యుడు సరేననే వరకు నేలమీద పనికే పరిమితం కావాలి. వీరి అనుభవాన్ని కొత్తవారికి నేర్పడానికి, కింద కాపలా బాధ్యతకు వినియోగించుకోవచ్చు.

కూలి లెక్క

పైన చెప్పిన పద్ధతులన్నిటికీ ఒకే అడ్డంకి ఉంది. బంధంతో చకచకా ఎక్కే చెట్టుకు పట్టీతో ఎన్నో రెట్ల సమయం పడుతుంది. కూలి చెట్టుకింత అని ఉన్నంతకాలం, పట్టీ కట్టుకొన్నవాడు నష్టపోతాడు. నాలుగు రోజులకు దాన్ని ఇంట్లో వదిలి వస్తాడు. పరికరం ఉచితంగా ఇచ్చినా ఈ లెక్క మారదు. కాబట్టి రైతులు పెద్దవయసు కార్మికునికి రోజు కూలిగాని, ఎత్తును బట్టి హెచ్చు రేటుగాని నిర్ణయించాలి. కింద ఉండే సహాయకుని కూలిని కూడా దింపు ఖర్చులోనే లెక్కించాలి. ఒక వీధిలోని రైతులు కలిసి ఒకే రోజు దింపు పెట్టుకుంటే ఈ భారం అందరిమీదా పంచుకుంటుంది. పొట్టి చెట్లు పెద్దవారికి, ఎత్తైనవి యువకులకు అని విభజించుకోవడమూ సాధ్యమవుతుంది.

కొబ్బరిలో కాయ ముదరడానికి పదకొండు పన్నెండు నెలలు పడుతుంది. దింపు పది రోజులు ఆలస్యమైతే రైతుకు కలిగే నష్టం స్వల్పం. తొందరలో జారిపడిన కార్మికుని కుటుంబానికి కలిగే నష్టం మాత్రం పూడ్చరానిది.