పాత జీపుకు ఇంటి వైద్యం

- గ్రీజు మరిస్తే గేరు గోల.. జాకీని నమ్మితే ప్రాణం మీదికి
- సరిహద్దు దాటిన బండికి కాగితాలే పెద్ద రిపేరు

యలహంక: హిందూపురం నుంచి గౌరిబిదనూరు, దొడ్డబళ్లాపురం మీదుగా వచ్చే రోడ్డు బెంగళూరులో అడుగుపెట్టేది యలహంకలోనే. ఆ దారిన బతుకుతెరువుకు వచ్చినవాళ్లలో కొందరు మంచాలు, బీరువాలతోపాటు ఇంటి జీపునూ వెంట తెచ్చుకున్నారు. నాన్న కొన్నదో, మామ మిలిటరీ వేలంలో పాడుకున్నదో.. ఏపీ-02 నంబరుతో కాంపౌండు గోడ పక్కన టార్పాలిన్ కింద నిలబడి ఉంటుంది. ఊళ్లో చేనిగట్ల మీద, వంకల్లో పరుగులు తీసిన బండి ఇక్కడ ఆదివారం సంతకు తప్ప కదలదు. కదలకపోవడమే దానికి పట్టిన జబ్బు. నిలబెట్టిన బండికి బ్రేకులు పట్టేస్తాయి, సీళ్లు ఎండిపోతాయి, బ్యాటరీ పడుకుంటుంది. షెడ్డుకు తోలితే బిల్లు చూసి గుండె జారుతుంది. అమ్మేద్దామంటే మనసొప్పదు. చేయి మసి చేసుకోవడానికి సిద్ధపడితే మాత్రం ఇందులో సగం పని ఇంటి ముందే అయిపోతుంది. మిగతా సగం జోలికి పోకూడదు. ఏది ఏ సగమో తెలియడమే అసలు విద్య.

పానాతో పోయే పని

ఇళ్ల ముందు కనిపించే పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో ఎక్కువ రెండు జాతులవే. ఒకటి మహీంద్రా. విల్లీస్ జీపుల్ని ముంబయిలో బిగించడం ఈ కంపెనీ మొదలెట్టింది 1947లో. ఆ వంశంలోదే 1980ల నాటి ఎంఎం 540. ప్యూజో డిజైన్‌తో చేసిన 2112 సీసీ డీజిల్ ఇంజను దీనిది. రెండోది మారుతి జిప్సీ. 1985 చివర్లో 970 సీసీ ఇంజనుతో వచ్చింది. 1996లో 1300 సీసీ ఇంజను పెట్టారు. 2000లో కార్బురేటర్ పోయి ఎంపీఎఫ్‌ఐ వచ్చింది. జనానికి అమ్మడం 2019లో ఆపేశారు.

ఇంజన్లు వేరైనా ఎముకలు ఒకటే. కింద నిచ్చెనలాంటి ఛాసిస్, నాలుగు మూలలా కమాన్ కట్టలు, డ్రైవరు పక్కన రెండు లీవర్లు. పెద్దది గేరుది, చిన్నది ముందు చక్రాలకు కూడా శక్తినిచ్చే ట్రాన్స్‌ఫర్ కేసుది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి తయారవుతున్న కియా కార్లకు జ్వరం వస్తే కంప్యూటరు తగిలించి చూడాలి. వీటికి పానా, గ్రీజు గన్ను, చెవి ఉంటే చాలు.

ముందు జాకీ సంగతి

సినిమాల్లో సుమోలు గాల్లోకి లేస్తే ఈలలు వేస్తారు. ఇంటి ముందు జాకీ మీద లేచిన బండి జారితే ఏడుపే. జాకీ బండిని లేపడానికే గానీ మోయడానికి కాదు. లేపాక ఛాసిస్ కిందో, యాక్సిల్ కిందో ఇనుప స్టాండ్లు పెట్టాలి. సిమెంటు ఇటుకలు పేర్చి కింద దూరేవాళ్లున్నారు. బోలు ఇటుక పగిలేముందు చెప్పి పగలదు.

జీపుకు ఇంకో మెలిక ఉంది. కొన్ని పాత జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాలకు ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ప్రొపెల్లర్ షాఫ్టుకు ఉంటుంది. అలాంటి బండికి వెనక చక్రం ఒక్కటి లేపారనుకోండి. గాల్లోది వెనక్కి తిరుగుతుంది, నేల మీది చక్రం ముందుకు దొర్లుతుంది. హ్యాండ్ బ్రేకు ఎంత గుంజినా బండి ఆగదు. చిన్న లీవరు న్యూట్రల్‌లో ఉంటే బండిని గేరులో పెట్టినా అంతే. అందుకే సమానమైన నేల చూసుకుని, లేపని చక్రాలకు రెండు వైపులా రాళ్లో మొద్దులో బిగించాకే జాకీ పట్టాలి. వాలు వీధుల్లో అసలే వద్దు.

గ్రీజు, నూనె.. రెండే మందులు

ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్లకు, స్టీరింగు జాయింట్లకు, కమాన్ కట్టల షాకిళ్లకు చాలా బండ్లలో గ్రీజు నిపుళ్లు ఉంటాయి. మట్టి తుడవకుండా గన్ను పెడితే మట్టినే లోపలికి ఎక్కించినట్టు. షాఫ్టు జాయింటుకు నాలుగు కప్పులుంటాయి. నాలుగింటి అంచుల్లోంచీ పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టాలి. మూడింట్లోంచి వచ్చి ఒకదాంట్లోంచి రాలేదంటే అది ఎండిపోతోందన్నమాట. ముందుకు పోయే బండిని రివర్సులో వేయగానే అడుగున ‘టక్’ మంటే జాయింటు అరిగిందేమో ముందు చూడాలి.

గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు యాక్సిల్, వెనక యాక్సిల్.. నాలుగు చోట్లా నూనె ఉంటుంది. మామూలు కారు నడిపినవాళ్లు ముందు యాక్సిల్‌ను, ట్రాన్స్‌ఫర్ కేసును ఇట్టే మరిచిపోతారు. నూనె మార్చేటప్పుడు కింది బిరడా కాదు, నింపే బిరడా ముందు విప్పాలి. ఉన్న నూనెంతా కారిపోయాక పై బిరడా తుప్పు పట్టి రానంటే బండి అక్కడే కూలబడుతుంది. తీసిన నూనె పాలు పోసిన కాఫీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు చేరినట్టే. వంకలో దిగిన బండికి ఇది మామూలే. యాక్సిల్ మీద గాలి పోయే చిన్న గొట్టం మట్టితో మూసుకుపోయినా చిక్కే. వేడెక్కిన గాలికి దారి లేక సీలును తోసుకుని నూనె కారుతుంది. సీలు మార్చి డబ్బు తగలేసేముందు ఆ గొట్టం ఊది చూస్తే పోతుంది.

అన్నింటికీ ఒకే డబ్బా వాడేయడం ఇంకో అలవాటు. యాక్సిళ్లకు పోసే జీఎల్-5 రకం నూనెల్లో కొన్ని, గేరుబాక్సులోని ఇత్తడి రింగుల్ని తినేస్తాయి. బండి పుస్తకంలో దేనికి ఏది రాసుంటే అదే పోయాలి.

చిన్న లీవరుకు తుప్పు పట్టనీయొద్దు

ఫోర్ వీల్ ఉందని గర్వంగా చెప్పుకొనేవాళ్లలో దాన్ని ఏడాదికోసారైనా వేసేవాళ్లు తక్కువ. అవసరం పడ్డ రోజు లీవరు రాదు. నెలకోసారి మట్టి దారిలో రెండు మూడు కిలోమీటర్లు ముందు చక్రాల్నీ పనిచేయించాలి. తారు రోడ్డు మీద మాత్రం వద్దు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం, వెనకవి తక్కువ దూరం తిరుగుతాయి. మట్టిలో అయితే కాస్త జారి సర్దుకుంటాయి. తారు మీద జారలేక షాఫ్టులు మెలిపడతాయి, లీవరు బిగుసుకుపోతుంది. అలా బిగుసుకుంటే సుత్తి అక్కర్లేదు, నాలుగు గజాలు వెనక్కి పోనిస్తే సాధారణంగా వదులుతుంది.

స్టీరింగు ఊగుతుంటే ముందు చక్రం లేపి పైనా కిందా పట్టి ఊపాలి. చక్రం కదిలితే, ఇంకొకరిని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపాలి. కదలిక ఆగితే వీల్ బేరింగుది తప్పు. ఆగకపోతే కింగ్ పిన్నుది. మెకానిక్ చెప్పేలోపు ఇంటివాళ్లకే తెలిసిపోతుంది కాబట్టి బిల్లులో రెండూ పడవు.

ఇక్కడ చేతులు కట్టుకోవాలి

బ్రేకుల దగ్గర ధైర్యం పనికిరాదు. బ్రేకు నూనె తేమ పీలుస్తుంది. రెండేళ్లకోసారి మార్చడం మేలు. ఆ డబ్బాలో పొరపాటున ఇంజనాయిలు పోస్తే లోపలి రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి. డ్రమ్ముల్లోని ధూళిని నోటితోనో గాలి గొట్టంతోనో ఊదొద్దు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది, తడిగుడ్డతో తుడవాలి. నూనె ఎక్కడ తగ్గుతోందో, చక్రం లోపల ఎక్కడ తడి ఉందో చూడటం ఇంటి పని. సిలిండర్లు విప్పడం తెలిసినవాళ్ల పని. నందికొండ దిగేటప్పుడు పెడల్ నేలకు ఆనితే నేర్చుకోవడానికి టైముండదు.

డీజిల్ పైపులూ అంతే. ఫిల్టరు మార్చాక గాలి తీయడం తేలిక. మర కాస్త వదులు చేసి, బుడగలు ఆగేదాకా చేతి పంపు కొట్టి బిగిస్తే సరి. ఇంజను తిరుగుతుండగా ఇంజెక్టరు పైపు ఎక్కడ లీకవుతోందని వేలు పెట్టి చూస్తే మాత్రం, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మం లోపలికే పోతుంది. అట్టముక్క పెట్టి చూడాలి.

నంబరు పలక మాటేమిటి?

పానా పనికంటే కష్టమైంది ఇది. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. తర్వాత తనిఖీ చేయించి అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. కారు తరగతి బండికి ఈ ఫీజు 2022 ఏప్రిల్ 1 నుంచి రూ.5 వేలు అయింది. 20 ఏళ్లు దాటితే రూ.10 వేలు చేస్తూ 2025 ఆగస్టులో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. ఫీజులు మారుతుంటాయి కాబట్టి కట్టేముందు అడగాలి. గడువుకు 60 రోజుల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు.

ఆంధ్రా నంబరుతో 12 నెలలకు మించి కర్ణాటకలో ఉంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకోవాలన్నది మోటారు వాహనాల చట్టం. అందుకు రిజిస్టరైన ఊరి ఆర్టీవో నుంచి నిరభ్యంతర పత్రం రావాలి, ఇక్కడ పన్ను కట్టాలి. యలహంక ఆర్టీవోది కేఏ-50. ఆర్సీ గడువు ముగిశాక పరుగులు తీసేకంటే, ఇంకో ఏడాది ఉండగానే ఈ పని చూసుకోవడం నయం. ఆర్సీ నాన్న పేరుమీదే ఉండిపోయి ఆయన పోయి ఉంటే, ముందు పేరు మార్పిడి. తనిఖీకి పోయే బండిలో ఛాసిస్ నంబరు కనబడకుండా తుప్పు తినేసి ఉంటే ఏ పాలిషూ కాపాడదు. ఏటా ఆ చోటు గోకి, తుడిచి, నూనె రాసి ఉంచాలి.

ఇంజను మార్చేద్దామని, టైర్లు వెడల్పు చేద్దామని సలహాలిచ్చేవాళ్లు బోలెడు. కంపెనీ ఇచ్చిన రూపాన్ని, ఆర్సీలో రాసినదాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడానికి వీల్లేదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. అనుమతి లేకుండా వేసిన ఇంజను తనిఖీ రోజున మెడకు చుట్టుకుంటుంది.

తీసిన నూనెను మోరీలో పోయొద్దు. యలహంకలోనే ఉన్న పుట్టేనహళ్లి చెరువును 2015లో పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. వీధి మోరీలు చివరికి చెరువుల దారే పడతాయి. పాత డబ్బాలో పట్టి, వాడిన నూనె తీసుకునే సర్వీసు సెంటర్లో ఇచ్చేస్తే సరి.

సామాన్లకు జేసీ రోడ్డు, పాత సామాన్లకు శివాజీనగర్ గుజరీ ఉండనే ఉన్నాయి. వెళ్లేటప్పుడు విప్పిన సామాను గుడ్డలో చుట్టి వెంట తీసుకెళ్లాలి. ‘ఎంఎం 540 జాయింటు’ అని నోటితో అడిగితే సరిపోదు. ఇన్నేళ్లలో ఏ మెకానిక్ ఏ బండిది తెచ్చి బిగించాడో.. పాతదాని పక్కన కొత్తది పెట్టి కొలిచాకే డబ్బు తీయాలి.